ఆరు అని రాశాను

రిటైరై రెండేళ్ళు కావస్తోంది. ఇంట్లో ఒక చోట కూర్చోలేను. పేపరు సగం చదివి లేస్తాను. మొక్కలకి నీళ్ళు పోస్తూ మధ్యలో గొట్టం వదిలేసి లోపలికి వచ్చేస్తాను. మా ఆయన మొదట్లో నవ్వేవారు, ఇప్పుడు నవ్వడం మానేశారు. విజయనగరంలో మా వీధివాళ్ళకి నేను పొద్దున్నా సాయంత్రం ఒకే దారిలో గబగబా నడిచే డాక్టరమ్మని.

క్రిందటి నెల ఒక అమ్మాయి నన్ను చూడ్డానికి వచ్చింది. పాథాలజీలో పీజీకి కొత్తగా చేరింది. కాఫీ తాగుతూ అడిగింది: "మేడం, ఇంకొన్నాళ్ళకి స్లైడ్లన్నీ కంప్యూటరే చూసేస్తుందంట కదా. నేను తప్పు బ్రాంచి తీసుకున్నానా?"

నేను ఏదో చెప్పాను. మనిషి కన్ను, అనుభవం అంటూ నాకే నచ్చని మాటలు. ఆ అమ్మాయి మర్యాదకి తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజు చెప్పవలసింది ఇది. ఇందులో నా ప్రమోషన్లూ బదిలీలూ ఉండవు, వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. ఉన్నదల్లా ఒక స్లైడు, దాని మీద నేను రాసిన అంకె, ఆ అంకె పట్టుకుని ఇంటికి వెళ్ళిన మనిషి. పేర్లు మార్చాను.

మనం చేసే పని

రోగికి మన ముఖం తెలియదు. ఇది ముందే తెలుసుకుని రావాలి. శ్రీకాకుళంలో ఒక పెద్ద ఆస్పత్రిలో నా ఉద్యోగమంతా గడిచింది. బయట వరండాలో రోజూ వందల మంది. లోపల గదిలో నేను, ఒక మైక్రోస్కోపు, ట్రేలలో గాజు పలకలు.

వయసు మళ్ళిన మగవాళ్ళకి మూత్రం సరిగా రాకపోతే, రక్తపరీక్షలో అనుమానం వస్తే, ప్రోస్టేట్ గ్రంథిలోంచి సూదితో సన్నటి ముక్కలు తీస్తారు. దారప్పోగుల్లా ఉంటాయి. వాటిని మా టెక్నీషియన్ పైడిరాజు మైనంలో పోసి దిమ్మలాగా చేసి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, గాజు మీద పరిచి రంగు వేసి ఇచ్చేవాడు. నేను చూసి రాసేదాన్ని. క్యాన్సరు ఉంటే దానికి ఒక అంకె. గ్రంథులు చిన్నవైనా విడివిడిగా గుండ్రంగా ఉంటే మూడు. ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా, జల్లెడలాగా చిల్లులు పడ్డా నాలుగు. అసలు ఆకారమే లేకుండా చెదిరిపోతే అయిదు. రెండు రకాలకి రెండు అంకెలు వేసి కలుపుతాం. అంతా మూడే అయితే మూడూ మూడూ ఆరు.

ఆరు అంటే నెమ్మదైన జబ్బు. చాలామంది దానితోనే ముసలివాళ్ళై వేరే కారణంతో పోతారు. ఆపరేషను లేకుండా అప్పుడప్పుడు పరీక్ష చేయిస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు. ఏడు, ఎనిమిది అయితే ఆ దారి వేరు. రేడియేషనో, ఆపరేషనో, ఇంజెక్షన్లో. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య ఒక మనిషి బతుకు రెండు దారులవుతుంది. ఆ రెండు దారుల్లో ఏదన్నది ఒక రోజు ఒక గదిలో ఒకరి కన్ను చెబుతుంది.

నాకు ఈ పని నేర్పింది ప్రొఫెసరు సోమయాజులు గారు. చేరిన కొత్తలో ఒక రిపోర్టులో 'కావచ్చు, అనిపిస్తోంది, కాదని చెప్పలేము' అని మూడూ రాశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇది రిపోర్టా అమ్మా, ముందస్తు బెయిలా?" అన్నారు. "తెలిస్తే తెలుసని రాయి. తెలియకపోతే తెలియదని రాయి. మధ్యలో దాక్కోకు."

ఆయన తర్వాత వచ్చిన అధికారి వేరే రకం. పొద్దున్నే ఒకటే ప్రశ్న: "పెండింగెంత?" చెడ్డవాడు కాదు, ఆయనకీ పైనుంచి అదే ప్రశ్న వచ్చేది. నేను పెండింగు సున్నా చెయ్యడం నేర్చుకున్నాను. జిల్లాలో నా అంత వేగంగా రిపోర్టులు ఇచ్చేవాళ్ళు లేరని పేరు తెచ్చుకున్నాను. దానికి గర్వపడ్డాను కూడా. నా ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికంటే పాడు విద్య అది.

పచ్చ చుక్కలు

రిటైరవడానికి కొద్దికాలం ముందు విశాఖపట్నం నుంచి ప్రత్యూష వచ్చింది. కంప్యూటరు ఇంజనీరు. సన్నగా, గలగలా మాట్లాడే మనిషి. పాత ప్రోస్టేట్ స్లైడ్లు కావాలంది. స్లైడుని పెద్ద ఫోటోగా తీసి, దాన్ని వేల చిన్న గళ్ళుగా చేసి కంప్యూటరుకి ఇస్తారట. దానితోపాటు ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో చెబుతారట. బతికాడా, జబ్బు ఎముకలకి పాకిందా, పోయాడా. గ్రంథి అంటే ఏమిటో, జల్లెడ అంటే ఏమిటో ఎవరూ చెప్పరు. ఏ రకం గళ్ళున్నవాళ్ళు ఏమయ్యారో అదే నేర్చుకుని, కొత్త స్లైడు ఇస్తే ఆ మనిషికి ముందు ముందు ఎంత ప్రమాదమో చెబుతుందట.

"మరి నేనెందుకు?" అన్నాను.

"మీరు లేకపోతే దానికి పాఠం ఎక్కణ్ణుంచి వస్తుంది మేడం?" అంది నవ్వుతూ.

ఆస్పత్రి కమిటీ అనుమతి ఇచ్చింది. పేర్లు తీసేసి నంబర్లు వేసి స్లైడ్లు ఇచ్చాం. ఏమయ్యారో తెలిసినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళ స్లైడ్లతోనే ఆ మిషను మొదటిసారి నడిపింది. ఫలితం చూసి ప్రత్యూష సంబరపడిపోయింది. పోయినవాళ్ళ స్లైడ్లన్నీ మిషను ఇంచుమించు తప్పు లేకుండా పట్టేసింది. స్క్రీను మీద ఒక్కొక్క స్లైడూ చూపిస్తోంది. మిషను దేన్ని చూసి ప్రమాదం అందో అక్కడ ఎర్రగా కనిపిస్తుంది. నేను చూస్తున్నాను. ఎరుపు కణజాలం మీద లేదు, దాని పక్కన ఖాళీ గాజు మీద ఉంది.

"ఆ ఖాళీలో ఏముంది?" అన్నాను.

ప్రత్యూష ఫోటో పెద్దది చేసింది. పచ్చ సిరా చుక్క.

ఆ చుక్క నాదే. అనుమానం వచ్చిన స్లైడు మీద, మళ్ళీ చూడాల్సిన చోటు పక్కన, పచ్చ పెన్నుతో చుక్క పెట్టడం నాకు మొదటినుంచీ అలవాటు. మిషను జబ్బుని చదవలేదు, నా చుక్కల్ని చదివింది. నేను భయపడ్డవాళ్ళందరికీ ప్రమాదం అంది.

గట్టిగా నవ్వాను. పైడిరాజుని పిలిచి చూపించాను. "చూశావా, మిషను మన కాపీ కొట్టింది" అన్నాను. ప్రత్యూష ముఖం చిన్నబోయింది. అయినా మంచి పిల్ల, వాదించలేదు. స్లైడ్లన్నీ స్పిరిటుతో తుడిచి మళ్ళీ ఫోటోలు తీద్దాం అంది. తుడిచాం. ఆ చుక్కల కథ నేను ఎన్ని చోట్ల చెప్పుకున్నానో లెక్కలేదు. మిషను మీద గెలిచానన్న ధీమా నాకు అక్కడ వచ్చింది.

స్లైడుంది, మనిషేడీ?

అసలు కష్టం కంప్యూటరుతో కాదు. మనిషి తర్వాత ఏమయ్యాడన్నది మా రికార్డుల్లో లేదు. రిజిస్టరులో పేరు, వయసు, ఊరు. ఫోను నంబర్లు చాలామటుకు పనిచెయ్యవు. చికిత్సకి విశాఖ వెళ్ళినవాడు విశాఖలోనే ఉంటాడు, మాకు తెలియదు. ఇంట్లో పోయినవాడు అసలు ఎవరికీ తెలియదు.

పైడిరాజు ఆలోగా రిటైరయ్యాడు. "నడండి మేడం, ఊళ్ళకి ఎల్లి అడిగేద్దాం. ఇంటికాడ కూకుని నానేటి సేస్తన్నాను?" అన్నాడు.

అలా ఆదివారాలు బయల్దేరాం. బస్సు, ఆటో, మిగిలింది నడక. అన్నేళ్ళ సర్వీసులో నేను రిపోర్టు రాసిన మనిషి ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదలు. అరుగు మీద కూర్చున్న ముసలాయన్ని చూపించి "ఈయనే మేడం, నూట పన్నెండో నంబరు" అని పైడిరాజు చెవిలో చెప్పేవాడు. నాకు ఆయన ముఖం కొత్త, లోపలి గ్రంథులు పాత పరిచయం. బతికున్నవాళ్ళు మజ్జిగ ఇచ్చారు. "మా కాయితం రాసింది నువ్వేనా తల్లీ?" అని ఒకాయన నా చేతులు పట్టుకున్నాడు. పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఎక్కువసేపు ఉండేవాళ్ళం కాదు.

తుడిచిన స్లైడ్లతో, ఊళ్ళు తిరిగి తెచ్చిన సమాచారంతో మిషను మళ్ళీ నేర్చుకుంది. ఏమయ్యారో మాకింకా తెలియని వాళ్ళ స్లైడ్లు కొన్ని దానికి ఇచ్చి, ఎవరికి ప్రమాదమో వరసగా చెప్పమన్నాం. ఆ వరసలో మొట్టమొదట వచ్చిన స్లైడు నేను ఆరు అని రాసినది. దాని మీద పచ్చ చుక్క ఎప్పుడూ లేదు. దాన్ని నేను అనుమానించనే లేదు.

ప్రత్యూష స్క్రీను మీద ఒక చిన్న ఎర్ర మచ్చ చూపించింది. "ఇక్కడ మేడం."

చూశాను. ముక్క చివర, నలిగినట్టున్న చోటు. సూది తగిలి కణాలు నలిగితే అలాగే కనిపిస్తుంది. "ఇది నలుగుడు. క్యాన్సరు కాదు. మొన్న సిరా, ఇవాళ నలుగుడు. నీ మిషనుకి మురికంతా ప్రమాదంగానే కనిపిస్తుంది" అన్నాను.

"ఒకసారి మైక్రోస్కోపులో చూస్తారా మేడం?"

"అక్కర్లేదు. రిజిస్టరులో ఊరు గరివిడి దగ్గరనే ఉంది. ఈ మనిషి బతికే ఉంటాడు. వచ్చే ఆదివారం వెళ్ళి చూసి వచ్చి చెబుతాను."

స్లైడు పక్క గదిలో ఉంది. లేచి వెళితే పది అడుగులు. వెళ్ళలేదు. పది అడుగులు వెయ్యకుండా ఊరు దాకా వెళ్ళాను, అదీ నా మాట గెలిపించుకోవడానికి.

గోడ మీద

గరివిడిలో బస్సు దిగి, ఫ్యాక్టరీ పొగగొట్టాలు దాటి, ఆటోలో వెళ్ళాం. గోగు కట్టలు కుంటల్లో నానబెట్టే రోజులు. ఆ కుళ్ళు వాసన ఊరంతా పట్టి ఉంది. మాకు కావలసిన మనిషి పేరు సింహాచలం. ఇల్లు చూపించారు. వాకిట్లో ఒక ఆవిడ నార ఒలుస్తోంది. అరవైకి దగ్గర్లో ఉంటుంది.

"అమ్మా, సింహాచలం గారిల్లు ఇదేనా? ఉన్నారా?" అన్నాడు పైడిరాజు.

"ఉన్నాడు. గోడ మీద" అంది ఆవిడ, చేతిలో పని ఆపకుండా.

లోపల గోడకి ఫోటో, దండ. ఆవిడ లేచి చాప వేసింది. "కూకోండి. ఎవరు బాబూ మీరు?"

ఆస్పత్రి నుంచి, పాత రోగుల వివరాలు రాసుకోవడానికి వచ్చామని చెప్పాడు. ఆవిడ పేరు నరసమ్మ, సింహాచలం భార్య. ఆవిడ చెప్పిందంతా నాకు మాటలతో సహా గుర్తుంది.

"మీ ఆస్పత్రికే తీసుకొచ్చినాం. ముక్క తీసినారు. చిన్న జబ్బే, బయం లేదు, ఆరు నెల్లకి మళ్ళీ రా అన్నారు. ఆయన ఊరంతా సెప్పుకున్నాడు, నాకేటీ నేదంట అని. ఆరు నెల్లకి పొలం పని, ఎల్లలేదు. మరుసటేడు నడుం నొప్పి. ఇనప పని సేసినోడికి నడుం నొప్పి రాదేటి అన్నాడు. నాను పక్క ఊర్లో నాటు మందాయన కాడికి తీసుకెల్లినాను. పసరు పూసినాడు, తగ్గినట్టే ఉన్నాది. తరవాత కాళ్ళు పడిపోనాయి. అప్పుడు వైజాగు. ఎముకలంతా పాకిపోనాది అన్నారు."

నార కట్ట దగ్గరికి లాక్కుంది. "మా మరిది ఉన్నాడు, తవిటయ్య. ఆయన తమ్ముడు. ఆయన పోయిన కాడ్నుంచి నాతో మాట నేదు. ఆస్పత్రోల్లు బయం లేదన్న మనిసిని పసరు పూయించి సంపేసినావు అంటాడు. మా అత్త పోయేదాకా అదే మాట. ఊర్లో అందరిదీ అదే మాట. నాను ఏటి సెప్పగలను? నిజమేనేమో అనుకుంతన్నాను."

నేనెవరో చెప్పలేదు. పైడిరాజు పుస్తకంలో తారీఖు రాసుకున్నాడు. విజయనగరం వచ్చేశాక, బస్సు దిగబోతూ అన్నాడు: "మేడం, మైనం దిమ్మ దాసే ఉంటాది. కొత్త ముక్క కోసి సూద్దామా?"

దిమ్మ

ఈ భాగం రాస్తూ నాలుగుసార్లు లేచాను.

సోమవారం పొద్దున్న ముందు పాత స్లైడే తీశాను. తక్కువ పవర్లో చూశాను, ఆ చివర నలిగినట్టే ఉంది. పవరు పెంచాను. నలుగుడు కాదు. ఒక చిన్న గుంపు. లోపల గుండ్రటి చిల్లులు, అంచు చక్కగా ఉంది. జల్లెడ. పీజీ మొదటి సంవత్సరం పిల్లలకి బోర్డు మీద గీసి చూపించే జల్లెడ.

అప్పటికీ ఒక ఆశ ఉండేది. ఈ ఒక్క గుంపూ చూసి ఎవరూ ఏమీ చెప్పలేరేమో, లోతుగా కోస్తేనే తేలేదేమో, అలా అయితే నా తప్పు కాదు. మా కొత్త టెక్నీషియన్ని అడిగి పైడిరాజే కోత మిషను దగ్గర కూర్చుని దిమ్మ కోశాడు. కొత్త ముక్కల్లో జల్లెడ ఇంకా ఎక్కువగా ఉంది. కానీ మొదటి స్లైడులోనూ ఉంది, ఎవరైనా ఆగి చూస్తే కనబడేంత ఉంది. ఆ ఆశ కూడా పోయింది.

పాత రిజిస్టరు తీశాను. ఆ రోజు చివరి గడిలో నా చేతి రాత: పెండింగు సున్నా.

ప్రత్యూషకి ఫోను చేసి చెప్పాను. "మేడం, మా మిషను కూడా కొందరి విషయంలో తప్పు చెప్పింది. ప్రమాదం అన్నవాళ్ళు కొందరు బాగానే ఉన్నారు" అంది.

"ఓదార్చకు. అది తప్పు చెబితే నువ్వు సరిదిద్దుతావు. నేను తప్పు రాస్తే ఒక మనిషి నాకేమీ లేదని ఊరంతా చెప్పుకున్నాడు" అన్నాను.

నేను ఏడు అని రాసి ఉంటే సింహాచలం బతికేవాడా? తెలియదు. కొందరికి ముందే కనిపెట్టి చికిత్స చేసినా జబ్బు ఆగదు. ఆ మాట నిజం. నిజమే అయినా దాని వెనక దాక్కోవడం కుదరదు. ఆరు నెలలకి రాలేదన్న మాట వెనకా దాక్కోలేను. భయం లేదని మేమే చెప్పిన మనిషి పొలం పని ఆపుకుని బస్సెక్కి ఎందుకు వస్తాడు?

కాయితం

రిటైరవడానికి నెల మిగిలింది. సూపరింటెండెంటు గారికి చెప్పాను. నెమ్మదస్తుడు. తలుపు వేసి కూర్చోమన్నారు.

"మనిషి పోయి ఏళ్ళయింది. ఫైలు మూసేశారు. వాళ్ళు అడగలేదు. రిటైరయ్యే ముందు మీకిదంతా ఎందుకండీ? రేపు కోర్టుకి వెళ్తే?"

"వెళ్ళనివ్వండి."

"మీరు వెళ్ళి ఆవిడకి చెబితే ఆవిడకేం ఒరుగుతుంది? మీ మనసు తేలికవుతుంది, ఆవిడ మనసు బరువవుతుంది."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. రెండు వారాలు అటూ ఇటూ తిరిగాను. ఇంట్లో ఒక గిన్నె కడిగి ఇంకొకటి కడగలేకపోయేదాన్ని. చివరికి నాకు తోచింది ఒకటే. ఆవిడ మనసు తేలిగ్గా లేదు. తనే చంపానేమో అనుకుంటూ ఉంది.

పైడిరాజుని తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి చాప మీద కూర్చున్నాక నేనే మాట్లాడాను. "నరసమ్మా, మీ ఆయన ముక్క చూసి రిపోర్టు రాసింది నేనే. అందులో చెడ్డ రకం ఉంది. నేను చూడలేదు. చిన్న జబ్బు అని రాశాను. ఆస్పత్రివాళ్ళు భయం లేదన్నది నా రాతని బట్టే."

ఆవిడ నన్ను చూసింది. తిట్టలేదు. ఏడవలేదు.

"ఇప్పుడు సెప్పి ఏటి సేస్తావు?" అంది.

"ఏమీ చెయ్యలేను."

"మరెందుకొచ్చినావు?"

"నీ పసరు వల్ల పోలేదని చెప్పడానికి."

నరసమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు. పైడిరాజు నా వైపు చూశాడు, వెళ్ళిపోదామా అన్నట్టు. నేను కదల్లేదు. ఆవిడ తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ముఖం కడుక్కున్నట్టుంది.

"నువ్వు నాకు సెప్పినావు. నాకు సదువు రాదు. నాను ఎల్లి మా మరిదికి సెప్తే నమ్ముతాడేటి? కాయితం మీద రాసి ఇయ్యి. సంతకం ఎట్టు. సీలు ఎట్టు."

రాశాను. రిపోర్టు తప్పని తేలితే అనుబంధ రిపోర్టు ఇచ్చే పద్ధతి మాకు ఉంది. పోయిన మనిషికి ఇవ్వడం మాత్రం అదే మొదలు. స్లైడులో ఏముందో, ముందు ఏమని రాశానో, ఇప్పుడు ఏమని రాస్తున్నానో, అంతే. కింద తెలుగులో ఒక వాక్యం కలిపాను: 'ఈ జబ్బు మొదటి పరీక్ష నాటికే ముక్కలో ఉంది, అప్పుడు నేను గుర్తించలేదు.' సూపరింటెండెంటు గారు చదివి, "ఈ వాక్యం తీసెయ్యండి" అన్నారు. తియ్యలేదు. ఆయన మరో మాట అనకుండా సీలు వేశారు. ఆ సీలు వేసినందుకు ఆయనంటే నాకు ఇవాళ్టికీ గౌరవం.

తవిటయ్య

కాయితం ఇవ్వడానికి వెళ్ళిన రోజు నరసమ్మ తవిటయ్యని కబురు పెట్టి పిలిపించింది. వదిన గుమ్మం దాటి లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి, తల పూర్తిగా నెరిసిపోయింది.

"సదువు" అంది నరసమ్మ, కాయితం చేతికిచ్చి.

"ఏటిది?"

"సదువు మరిదీ. గట్టిగా సదువు. అందరికీ ఇనబడాల."

పక్కిళ్ళవాళ్ళు గోడల మీంచి చూస్తున్నారు. తవిటయ్య ఇంగ్లీషు భాగం తడుముకుని, వదిలేసి, కిందకి వచ్చాడు. తెలుగు వాక్యం చదివాడు. సగంలో ఆపాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. నరసమ్మ నిలబడే ఉంది. చదవడం అయ్యాక కాయితం తీసుకుని మడిచి కొంగున ముడేసుకుంది.

తవిటయ్య మెట్టు మీద కూలబడ్డాడు. "వొదినా" అన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టింది. ఏళ్ళ తర్వాత ఆ ఇంట్లో అతను తాగిన మొదటి నీళ్ళు అవి. క్షమించిందో లేదో నాకు తెలియదు. నన్నయితే క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు.

మేం బయల్దేరుతుంటే తవిటయ్య నా వెనకే వచ్చాడు. జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మా ఆస్పత్రి రిపోర్టు. అయిదు నెలల క్రితంది. ప్రోస్టేట్ ముక్క. మూడూ మూడూ ఆరు. కింద నా సంతకం.

"ఇది కూడా తవరిదే కదమ్మా? ఇది నమ్మొచ్చా?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. అతని అన్నకి వచ్చిన జబ్బు అతనికీ రావచ్చని నాకు తెలుసు. మా ఫారంలో అన్నదమ్ముల జబ్బుల గురించి రాసే గడి ఒకటుంది. అది ఖాళీగా వచ్చింది, నేనూ అడగలేదు. మిషనుకీ ఆ సంగతి తెలియదు, దానికి ఇచ్చేది బొమ్మ ఒక్కటే. "వారం టైమివ్వు" అన్నాను.

పీజీ అమ్మాయికి

నువ్వు తప్పు బ్రాంచి తీసుకోలేదు. మిషను వస్తుంది, రానీ. అది నా చుక్కల్ని చూసి మోసపోయిన రోజూ చూశాను, నేను చూడనిది చూసిన రోజూ చూశాను. దానికి నిద్ర రాదు, పెండింగెంత అని ఎవరూ అడగరు. కానీ అది గరివిడి వెళ్ళదు. ఎవరు బతికారో ఎవరు పోయారో మనం వెళ్ళి తెలుసుకుని చెప్పకపోతే దానికి ఏమీ తెలియదు. అది నీ మాట కాదంటే కోపం తెచ్చుకో, ఫర్వాలేదు. ఆ కోపంతోనే లేచి వెళ్ళి గాజు పలక మళ్ళీ చూడు. నేను చెయ్యనిది అదొక్కటే. కుటుంబ చరిత్ర గడి ఖాళీగా వస్తే ఫారం వెనక్కి పంపు. నెలకి ఒక్కరినైనా, నువ్వు రిపోర్టు రాసిన మనిషిని, వార్డుకి వెళ్ళి చూసి రా.

ఇవన్నీ నేను రిటైరయ్యే నెలలో నేర్చుకున్నాను. అందుకే కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

తవిటయ్య స్లైడు సంగతి. పేరు చెప్పకుండా, నేను ఏం రాశానో చెప్పకుండా, విశాఖలో నా క్లాస్‌మేటుకి పంపాను. ప్రత్యూష మిషనులో పెట్టించాను. నేను మళ్ళీ చూశాను, ఒక పూటంతా ఆ ఒక్క స్లైడే. నాకూ క్లాస్‌మేటుకీ ఆరే వచ్చింది, మిషను తక్కువ ప్రమాదం అంది. అన్న సంగతి రాసి, పరీక్షలు దగ్గర దగ్గరగా చేయించాలని సర్జనుకి చెప్పాను. ఇప్పటికి రెండుసార్లు చేయించుకున్నాడు, పెరగలేదు.

ఆ వారం చివర అతనికి ఫోను చేశాను. "తవిటయ్యా, ముగ్గురం చూశాం. నేను చూశాను, వైజాగులో ఇంకో డాక్టరమ్మ చూసింది, కంప్యూటరు చూసింది. ముగ్గురూ ఒకటే మాట. నీది చిన్న జబ్బే. కానీ పరీక్షకి రావడం మానకు."

"మానను అమ్మా." వెనక ఎక్కడో గేదె అరుపు వినబడింది. "ముగ్గురు సూసినారన్నమాట నాది."

"అవును."

"మరి మా అన్నది ఎంతమంది సూసినారు?"

అబద్ధం చెప్పడానికి నాకు చాలా సమయమే దొరికింది. అతను ఫోను పట్టుకునే ఉన్నాడు.

"ఒక్కదాన్నే" అన్నాను. "ఒక్కసారే."